మూలుగుకు మందుంది



ఈ రోజు ముసలివాళ్ళ నొప్పి గురించి మాట్లాడుకుందాం. వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు, ఇంట్లో చూసేవాళ్ళు దగ్గర లేక ఒంటరిగా రోజులు వెళ్ళదీస్తున్నవాళ్ళు పడే నొప్పి గురించి. అసలు మాట మొదటే చెప్పేస్తాను. డెబ్భై అయిదేళ్ళ అవ్వకు నొప్పి పుడితే దానికి కారణం ఆమె వయసు కాదు. మోకాలి కీలులో గుజ్జు అరిగి ఉండవచ్చు. వెన్నుపూస ఎముక గుల్లబారి కుంగిపోయి ఉండవచ్చు. చక్కెర జబ్బు నరాలను తినేసి అరికాళ్ళు మండుతుండవచ్చు. ఆరు నెలల కిందట నడుముకు సర్పి లేచి మానిపోయినా, నరంలో మంట మిగిలి ఉండవచ్చు. ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు వైద్యాలున్నాయి. "వయసైపాయ, నొప్పులుండవా" అన్నామంటే ఆ నాలుగు దారులూ ఒక్క మాటతో మూసేసినట్టే. ఆ మాట ఇంట్లోవాళ్ళు అంటారు, ఊళ్ళో సూది వేసేవాళ్ళు అంటారు. ఓపీలో జనం ఒత్తిడిలో ఉన్న డాక్టర్లమూ అంటాం. చివరికి ముసలివాళ్ళే తమను తాము అలా సమాధానపెట్టుకుంటారు.

మన కర్నూలు జిల్లాలో ఈ నొప్పులు ఎక్కడినుంచి వస్తాయో చూడండి. దేవనకొండ, ఆస్పరి, ఆలూరు చుట్టుపక్కల ఇప్పుడు డెబ్భై దాటిన ఆడవాళ్ళు నలభై, యాభై ఏళ్ళు నడుము వంచి కలుపు తీసినవాళ్ళు. వేరుశనగ బుడ్డలు పీకి, ఒలిచినవాళ్ళు. పత్తి తీసినవాళ్ళు. బిందె మీద బిందె పెట్టుకుని బోరింగు నుంచి ఇంటిదాకా నీళ్ళు మోసినవాళ్ళు. ఆదోని పత్తి మార్కెట్లో మూటలెత్తిన హమాలీల వెన్నెముకలు వేరే కథ చెబుతాయి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన నాటినుంచి ఆ ఊరి దుప్పట్లు, టవళ్ళు దేశమంతా తిరిగాయి గానీ, గుంట మగ్గంలో కాళ్ళు దించి పొద్దంతా కూర్చుని నేసిన మనిషి మెడ, నడుము, మోకాళ్ళు ఏమయ్యాయో ఎవరూ లెక్క రాసుకోలేదు. ఈ ఒళ్ళు ఊరికే అరగలేదు, పనిలో అరిగింది. పనిచేసి అరిగిన ఒంటికి వైద్యం చేయడం దయ కాదు, మనం చెల్లించాల్సిన బాకీ.

ఇక వృద్ధాశ్రమం అనగానే మనకు కర్నూలు లాంటి పట్నంలో ఒక భవనం, వరసగా మంచాలు గుర్తుకొస్తాయి. మా ఊళ్ళో అలాంటివి లేవు అనుకుంటాం. కానీ మిరపకోతల కాలంలో దేవనకొండ మండలంలో ఏ పల్లెకైనా పోయి చూడండి. కోసిగిలో చూడండి, హొళగుందలో చూడండి. పడుచువాళ్ళంతా సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి ఉంటారు. కొందరు గుంటూరు, పల్నాడు మిరపచేలకు, కొందరు బెంగుళూరు కట్టుబడి పనులకు. వీధికి వీధి తాళాలు వేసి ఉంటుంది. తాళం లేని ఇంటి ముందు ఒక అవ్వో తాతో కూర్చుని ఉంటారు, పక్కన బడికి పోయే మనవడో మనవరాలో. రెండు మూడు నెలలపాటు ఆ ఊరే వృద్ధాశ్రమం. తేడా ఒక్కటే, అక్కడ నర్సు లేదు, వండిపెట్టే మనిషి లేదు, రాత్రి లైటు వేసి పలకరించేవాళ్ళు లేరు. పైగా ఆ ముసలి మనిషే పిల్లలను చూసుకోవాలి. కాబట్టి నేను ఆశ్రమం గురించి చెప్పేదంతా మీ వీధి గురించి కూడా అని వినండి.

మొదటి చిక్కు ఏమిటంటే ముసలివాళ్ళు నొప్పి చెప్పరు. ఎందుకు చెప్పరు? కొందరికి అది కొత్త సంగతి కాదు, ఏళ్ళ తరబడి ఉన్నదే. కొందరికి భయం, చెబితే ఆసుపత్రికి తీసుకుపోతారని, కొడుకు అప్పు చేస్తాడని. ఆశ్రమంలో ఉన్నవాళ్ళకు ఇంకో భయం. ఊరికే సణిగే మనిషి అని పేరు పడితే చూసేవాళ్ళకు విసుగొస్తుందని, ఇక్కడ కూడా ఉండనివ్వరేమోనని. అందుకే డాక్టరు పొద్దున వచ్చి "బాగున్నావా అవ్వా?" అంటే "బాగుండా నాయనా" అంటుంది. ఆ జవాబు మర్యాద కోసం చెప్పిన జవాబు. దాన్ని రికార్డులో రాసుకుని పక్క మంచానికి పోకూడదు.

అడిగే పద్ధతి మార్చాలి. "నొప్పి ఉందా" అంటే లేదని తల ఊపే మనిషే, "గుంజుతాందా, సలుపుతాందా, మండుతాందా" అని అడిగితే "రాత్రంతా పీకుతాంది నాయనా" అంటుంది. ఆ వివరం డాక్టరుకు చాలా అవసరం. మంట, సూదులతో పొడిచినట్టుండడం నరానికి సంబంధించినవి. దానికి మామూలు నొప్పిమాత్ర పనిచేయదు, వేరే మందులున్నాయి. పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి గంటసేపైనా వదలకపోతే అది అరుగుదల కాకపోవచ్చు, కీళ్ళవాతం కావచ్చు. ఇంకొక సంగతి. పడుకుని ఉన్నప్పుడు అడిగితే సగం నొప్పి బయటపడదు. లేపి కూర్చోబెట్టేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు ముఖం చూస్తూ అడగాలి.

గుంటూరు చేలల్లోంచి ఫోన్ చేసే కొడుకులకు, కూతుళ్ళకు ఒక మాట. "ఎట్లుండావమ్మా" అని అడిగితే "బాగుండాము, మీరు పైలం" అనే జవాబే వస్తుంది. దాని బదులు "ఈ పొద్దు రొట్టె తట్టినావా?" అని అడగండి. జొన్నరొట్టె చేయాలంటే కింద కూర్చోవాలి, పిండి పిసకాలి, అరచేత్తో గుండ్రంగా తట్టాలి, పెనం మీద వేసి తిప్పాలి. మోకాలు, మణికట్టు, భుజం అన్నీ కదలాలి. జీవితమంతా రొట్టె తిన్న మనిషి "అన్నం వండుకున్నాలే, రొట్టె ఎవురు చేస్తారు" అన్నదంటే ఆమెకు ఎక్కడో నొప్పి పెరిగిందని అనుమానించండి. రాత్రి ఎన్నిసార్లు లేచిందో అడగండి. గుడిదాకా పోతోందా, ఇంటి గడప దగ్గరే కూర్చుంటోందా అడగండి. నొప్పి గురించి నేరుగా అడిగితే దాచిపెట్టే మనిషి రొట్టె గురించి అబద్ధం చెప్పదు.

చెప్పలేనివాళ్ళ సంగతి ఇంకా కష్టం. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళు, పక్షవాతంతో మాట పోయినవాళ్ళు ప్రతి ఆశ్రమంలోనూ ఉంటారు. వాళ్ళు అరుస్తారు, స్నానం చేయించబోతే చెయ్యి విసురుతారు, అన్నం తోసేస్తారు, రాత్రంతా మంచం కడ్డీని కొడతారు. చూసేవాళ్ళు "మొండిది" అంటారు, "గాలి సోకింది" అంటారు. నిద్రమాత్ర ఇవ్వమంటారు. నార్వే దేశపు పశ్చిమ ప్రాంతంలో 18 నర్సింగ్ హోముల్లో, ఇలా గొడవచేసే 352 మంది మతిమరుపు రోగుల మీద ఒక పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. సగం వార్డుల్లో మామూలు వైద్యమే సాగింది. మిగతా సగంలో నొప్పి ఉందో లేదో తేల్చుకోవడానికి ఆగకుండా, మెట్టు మెట్టుగా నొప్పిమందు ఇచ్చారు. ఎనిమిది వారాల్లో వాళ్ళ ఆందోళన సగటున 17 శాతం తగ్గింది. ఇచ్చిన మందేమిటంటారా? ఎక్కువమందికి పారాసిటమాల్ ఒక్కటే. మన ఊళ్ళో చిల్లరకొట్లో కూడా దొరికే మాత్ర. మనం మొండితనం అనుకున్న దాంట్లో ఎంత భాగం నొప్పో ఆలోచించండి. నాకు ఆ పరిశోధన చదివినప్పుడు నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెట్టిన ఎందరో ముసలివాళ్ళు కళ్ళ ముందు మెదిలారు.

మాట లేని మనిషి నొప్పిని చూసి తెలుసుకోవడానికి ఒక కొలత ఉంది. అమెరికాలో నర్సులు, డాక్టర్లు కలిసి తయారుచేసిన ఆ పట్టికను 2003లో ప్రచురించారు. అందులో చూడాల్సినవి అయిదే. ఊపిరి ఎలా ఉంది, ఎగశ్వాసగా ఉందా? మూలుగు, ఏడుపు, అరుపు ఉన్నాయా? ముఖం చిట్లించుకుంటున్నారా? ఒళ్ళు బిగబట్టి, పిడికిళ్ళు ముడిచి, మోకాళ్ళు పైకి లాక్కుని ఉన్నారా? చెయ్యి పట్టుకుని మాట్లాడితే ఊరట పడుతున్నారా, లేదా? ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు, మొత్తం పది. చదువు రాని ఆయా కూడా వారం రోజుల్లో నేర్చుకోగలదు. మార్కుల మాట ఎలా ఉన్నా, మందు ఇవ్వక ముందు ఒకసారి, ఇచ్చిన గంటకు ఒకసారి చూసి ఎవరో ఒకరు రాసిపెట్టడం ముఖ్యం. రాయకపోతే రాత్రి డ్యూటీకి వచ్చిన మనిషికి పగటి సంగతి తెలియదు.

మన దగ్గర ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఆదోని వైపు ఎంతోమంది ఇళ్ళలో కన్నడం, ఉర్దూ. మతిమరుపు ముదిరే కొద్దీ మనిషి చిన్ననాటి మాటకు తిరిగిపోతాడు. కౌతాళం నుంచి కర్నూలు ఆశ్రమానికి వచ్చిన ఒక అవ్వ తెలుగు మరిచిపోయి కన్నడంలో "నోవు, నోవు" అంటుంటే, అది నొప్పి అని పక్కనున్న మనిషికి తెలియాలి కదా. ఆశ్రమంలో చేర్చుకునేటప్పుడే పుట్టింటి భాష ఏదో రాసుకోవాలి. ఇది ఖర్చులేని పని.

నొప్పి అనగానే మందుబిళ్ళ దగ్గరికి పరుగెత్తే ముందు కొన్ని చూసుకోవాలి. కుళ్ళిన పన్ను, కట్టుడు పళ్ళు ఒరుసుకుని చిగురు పుండు పడడం. నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం. మూత్రం బిగుసుకుని పొత్తికడుపు ఉబ్బడం. పడిపోయినప్పుడు తుంటి ఎముక విరిగి, ఎవరూ గమనించకపోవడం. పడక పుండు. వీటిలో దేనికీ నొప్పిమాత్ర అసలు వైద్యం కాదు. నొప్పి తగ్గించాలి, దాంతోపాటు కారణాన్ని పట్టుకోవాలి.

ఇక మందుల సంగతికి వస్తాను. ఇక్కడ కొంచెం గట్టిగా మాట్లాడక తప్పదు. మన పల్లెల్లో నొప్పికి మొదటి వైద్యం సూది. నడుముకు ఒక సూది వేయించుకుంటే ఆ పూట హాయిగా ఉంటుంది, మర్నాడు మళ్ళీ మొదలు. ఆ సూదుల్లో ఎక్కువగా ఉండే డైక్లోఫెనాక్ లాంటి మందు ముసలివాళ్ళకు పదేపదే ఇస్తే కడుపులో పుండు పడి రక్తం కారవచ్చు. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బీపీ పెరుగుతుంది, గుండె జబ్బున్నవాళ్ళకు ఒంట్లో నీరు చేరుతుంది. నల్లగా తారులాంటి విరేచనం అయిందంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. ఇంకోటి, పేరు లేని పొట్లాల్లో రంగురంగుల మాత్రలు. అవి వేసుకుంటే మూడు రోజుల్లో లేచి తిరుగుతారు, ఆకలి వేస్తుంది, ముఖం నిండుతుంది. చాలాసార్లు అందులో ఉండేది స్టెరాయిడ్. నెలల తరబడి వాడితే చక్కెర ఎక్కుతుంది, ఎముకలు గుల్లబారతాయి, చర్మం కాగితంలా చిరుగుతుంది. అలా ఎన్నాళ్ళుగానో వాడుతున్నవాళ్ళు నా మాట విని ఈ రోజే మానేయకండి, ఒక్కసారిగా మానినా ప్రమాదమే. ఆ పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరికి పోండి.

చాలామందికి మొదటి మెట్టు పారాసిటమాల్. దాన్ని నొప్పి భరించలేనప్పుడు ఒకటి మింగితే పెద్దగా పనిచేయదు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, డాక్టరు చెప్పిన లెక్కలో గడియారం చూసి ఇవ్వాలి. అడిగితేనే ఇస్తామంటే అడగలేని మనిషికి ఎప్పటికీ అందదు. ఆశ్రమాల నిర్వాహకులు ఈ ఒక్క మార్పు చేసినా రాత్రుళ్ళు మారిపోతాయి. ముసలివాళ్ళకు రోజు మొత్తం మూడు గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు దాటకూడదు. బక్కచిక్కినవాళ్ళకు, తాగుడు అలవాటున్నవాళ్ళకు, కాలేయం బాగాలేనివాళ్ళకు ఇంకా తక్కువే. జలుబు మాత్రలో కూడా అదే మందు ఉంటుంది, కలిపి లెక్కపెట్టాలి. మోకాలి అరుగుదలకు ఈ మాత్ర బలం కొంతే. అక్కడ నొప్పి మీద రాసే జెల్ మేలు, మింగే మందంత కీడు చేయదు. దానికి తోడు కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, పది లెక్కపెట్టి దించడం, రెండు పూటలా. చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. నేల మీద గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి బదులు ఎత్తు కుర్చీ. ఉప్పు కాపడం మంచిదే, కానీ చక్కెర జబ్బుతో అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకు మూట వేడి తెలియదు, బొబ్బలు లేస్తాయి. వాళ్ళకు వేసే ముందు మీ చేతి మీద పెట్టి చూడండి.

క్యాన్సర్ లాంటి జబ్బుల్లో ఈ మెట్లు సరిపోవు. అక్కడ మార్ఫిన్ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్ల వరస చెప్పింది, పై మెట్టు మీద ఉన్నది మార్ఫినే. అది చవకైన మందు. దానికి మూలమైన నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తున్నారు. మన దేశపు పొలాల్లో పండేది మన ముసలివాళ్ళకు అందలేదు. కారణం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం. దొంగ రవాణా ఆపడానికి వేసిన కట్టడి ఆసుపత్రుల మీద పడింది. లెక్కలకు, శిక్షలకు భయపడి చాలాచోట్ల మార్ఫిన్ పెట్టడమే మానేశారు. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దారి సులువు చేశారు. అయినా భయం ఇంకా మిగిలే ఉంది. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చూపులో, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వాడితే మత్తుకు బానిసలైపోతారన్న భయం అక్కర్లేదు. తప్పకుండా వచ్చేది మలబద్ధకం, అందుకే మొదటి రోజునుంచే దానికి మందు ఇవ్వాలి. మోకాలి నొప్పికి మాత్రం మార్ఫిన్ అడగకండి, అది దాని పని కాదు.

మంచం పట్టినవాళ్ళకు నొప్పి వైద్యం అందించే దారి కేరళలో వేసి చూపించారు. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు నొప్పి, ఉపశమన వైద్యానికి ఒక సంఘం పెట్టారు. తర్వాత అది ఊళ్ళకు పాకింది. టీచర్లు, ఆటో నడిపేవాళ్ళు, కాలేజీ పిల్లలు వారానికి కొన్ని గంటలు ఇచ్చి మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు పోయారు, వెంట నర్సు పోయింది. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది. మన తెలుగునేల మీద హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలత్ ఈ వైద్యాన్ని నిలబెట్టారు. తర్వాత తెలంగాణ జిల్లాల్లోనూ ఉపశమన వైద్య కేంద్రాలు వచ్చాయి. ఆదోనికి ఎందుకు రాకూడదు? సుగ్గి కాలంలో మంచం పట్టిన తాతను కర్నూలు పెద్దాసుపత్రికి మోసుకుపోయే మనిషే ఊళ్ళో ఉండడు. ఇంటికి వచ్చే నర్సు అవసరం కోజికోడ్ కంటే కోసిగికే ఎక్కువ. ఈ మాట మన ప్రజాప్రతినిధులు, అధికారులు వినాలని అడుగుతున్నాను.

ఆశ్రమాలు నడిపేవారికి రెండు మూడు మాటలు. పుండుకు కట్టు మార్చే ముందు అరగంట, గంట ముందే నొప్పిమాత్ర ఇవ్వండి. కట్టు విప్పుతున్నప్పుడు అరుపులు విని ఇచ్చే మాత్ర ఆ నొప్పికి అందదు. కదలలేనివాళ్ళను రాత్రి కూడా రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. తిప్పే ముందు "తిప్పుతున్నాము తాతా" అని చెప్పండి, సగం భయం పోతుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, నీడ మాత్రమే కాదు, వైద్యం కూడా అని స్పష్టంగా ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో ముసలివాళ్ళకు వేరే వరస ఉండాలని ఉంది. సాయం కావాలంటే 14567 నంబరుకు ఫోన్ చేయవచ్చు, అది వృద్ధుల కోసం పెట్టిన ఉచిత నంబరు.

చివరగా ఒక సూచన, ఇది అధికారులకూ ఊరివాళ్ళకూ కలిపి. ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయ ఉద్యోగి పింఛనున్న ప్రతి ముసలి మనిషి గడప దగ్గరికి పోయి 4,000 రూపాయలు చేతిలో పెడుతున్నారు. ఇంత క్రమంగా ఆ గడప తొక్కే మనిషి ఇంకొకరు లేరు. ఆ రోజు రెండే ప్రశ్నలు అడిగి రాసుకోమనండి. "పోయిన నెల కంటే లేచి తిరగడం కష్టంగా ఉందా? నొప్పితో రాత్రి నిద్ర చెడుతోందా?" అవును అన్నవాళ్ళ పేర్లు ఆ సాయంత్రమే ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు చేరాలి. 104 సంచార వైద్య బండి ఊరికి వచ్చిన రోజున డాక్టరు ముందుగా చూడాల్సింది వాళ్ళనే. నడవలేని మనిషి ఉంటే బండి దగ్గరికి రమ్మనకుండా డాక్టరే ఇంటికి పోవాలి. వచ్చే ఒకటో తారీఖునే ఒక సచివాలయంలో మొదలుపెట్టి చూడవచ్చు.